చేతిఫోనుపై మూలాధికారము: రూటింగు, కస్టమ్ ఫర్మ్‌వేర్‌లను గుఱించి పావగడ సీమ తెలుగువారికి

పావగడ తాలూకా పాలనలో కర్ణాటక రాష్ట్రపు తుమకూరు జిల్లాకు చేరినది. పటమున చూచిన, దాని పొలిమేరలలో అధికభాగము ఆంధ్రప్రదేశముతోనే కలిసియున్నది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును వినవచ్చు ఈ సీమలో స్మార్ట్‌ఫోను నేడు వింతవస్తువు కాదు. బ్యాంకు కబురు, పంటధర, పిల్లల పాఠము, దూరమున నున్న బిడ్డల మాట, అన్నియు ఆ చేతిపలకగుండనే వచ్చుచున్నవి. ఐనను ఆ పలకపై తుది యధికారము ఎవరిదను ప్రశ్న వేసికొన్నవారు కొలదిమందియే. రూటింగు, కస్టమ్ ఫర్మ్‌వేర్ అను రెండు మాటలును ఆ ప్రశ్నకు చెందినవే.

అధికారమునకును అనుభవమునకును గల భేదము ఈ తాలూకా రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. తిరుమణి, వళ్ళూరు, బళసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరముల నేలపై 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2019వ సంవత్సరాంతమునకు పూర్తియైనది. (ఈ గ్రామనామములలోని ‘చెర్లు’ అను తుది తెలుగుచెవికి చెఱువులను స్మరింపజేయుట గమనింపదగినది. కఱవుసీమలో ఆ స్మరణమే మిగిలినది.) ఆ నేలను రైతులు అమ్మలేదు. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున, రెండేండ్లకొకమాఱు నూటికి అయిదువంతున పెరుగునట్లు కౌలునకిచ్చిరి. పలకలు పఱచి విద్యుత్తు తీయువారు వేఱు, పహణిలో పేరుగలవాడు వేఱు. హక్కు రైతునొద్దనే యున్నది.

ఫోను విషయమున జరుగునది దీనికి తలక్రిందులు. వెల యంతయు చెల్లించి కొన్నవాడు దానిని అనుభవించుచున్నాడు. అందలి మూలవ్యవస్థపై తుది యధికారము మాత్రము తయారుచేసిన సంస్థయొద్దనే నిలిచియున్నది. ఏ కార్యక్రమమును తొలగింపవచ్చునో, ఏది తొలగింపరాదో, ఎన్నేండ్లవఱకు నూతనరూపములు వచ్చునో నిర్ణయించునది ఆ సంస్థయే. కొన్నవానికి ఈ మూలాధికారమును సంపాదించిపెట్టు ప్రక్రియకే రూటింగు అని పేరు.

మనవారిలో పెక్కుమంది ‘రూటు’ అనగా బస్సు రూటు వంటి దారి యని తలతురు. ఇది ఆ మాట కాదు. చెట్టు వేరు అను అర్థముగల వేఱొక ఆంగ్లపదము. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో పుట్టిన యూనిక్స్ అను వ్యవస్థలో సర్వాధికారము గల వాడుకరికి ‘రూట్’ అని పేరు, సున్న అతని సంఖ్య. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఆ పద్ధతినే అనుసరించినది. 2008లో తొలిఫోనుతో విపణికి వచ్చిన ఆండ్రాయిడ్ లినక్స్ పునాదిపై కట్టబడినది. కావున ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోను రూటు అను సర్వాధికారి పుట్టుకనుండియే యున్నాడు. అతనిని పిలుచు దారి మాత్రము కొన్నవానికి మూసియుంచబడినది.

అట్లు మూయుటకు కారణము లేకపోలేదు. ఆండ్రాయిడ్‌లో ప్రతి ఆప్‌ను ఒక వేఱు వాడుకరిగా ఎంచి, దాని దస్త్రములను దాని యఱలోనే బంధింతురు. కచేరీలో ఒక గుమాస్తా బీరువాను మఱియొక గుమాస్తా తెఱువలేనట్లు, ఆటల ఆప్ బ్యాంకు ఆప్ దస్త్రములను చదువజాలదు. అన్ని బీరువాలకును సరిపోవు తాళపుచెవి రూటు. అది యజమానిచేత నున్నంతకాలము మేలే. యజమాని ఎఱుకలేక ఏదో యొక ఆప్‌నకు ఆ చెవి అందించెనేని, ఇంట దాచుకొన్న దేదియు దాగదు.

ఇక ఫర్మ్‌వేర్ అనగా ఫోనులోని యంత్రభాగములను మేల్కొలిపి పనిచేయించు మూలకార్యక్రమముల సంపుటము. సంస్థ ఇచ్చినదానిని ‘స్టాక్’ అందురు. దానికి బదులు ఇతరులు, సాధారణముగా స్వచ్ఛందముగా, కూర్చినది కస్టమ్ ఫర్మ్‌వేర్. వాడుకలో ‘కస్టమ్ రోమ్’. రోమ్ అనగా మార్పరాని జ్ఞాపకము. మార్చుటకే పుట్టినదానికి ఆ పేరు పెట్టుట వింతయే కాని, అది స్థిరపడిపోయినది. ఇచ్చట ప్రవేశకులు తఱచు పొరపడు సంగతి యొకటి కలదు. రూటింగును, కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కించుటయును ఒకటి కావు. స్టాక్ ఫర్మ్‌వేర్‌ను అట్లేయుంచి రూటు చేయవచ్చును. రూటు లేకయే కస్టమ్ ఫర్మ్‌వేర్‌ను వాడవచ్చును. సుప్రసిద్ధమైన లీనియేజ్ ఓఎస్ రూటధికారమును తనతో తెచ్చునది కాదు. మన పాఠకులలో అధికసంఖ్యాకులకు కావలసినది ఈ రెండవ మార్గమే యని నా యభిప్రాయము.

ఈ విద్య తెలుగువారి కేల యని అడుగువారికి మొదట లిపి కథ చెప్పవలసియున్నది. యూనికోడ్ అను అక్షరసంకేతపద్ధతిలో 1991 నాటి తొలి ప్రచురణమునందే తెలుగునకును కన్నడమునకును చోటు దొరకినది. చెరియొక 128 గదులతో ఆ రెండు లిపులును అందు ప్రక్కప్రక్క యిండ్లవలె నున్నవి. పావగడ వీధులలో నివి రెండును ఎట్లు పొరుగున నున్నవో అచ్చటను అట్లే. కాని సంకేతసంఖ్య యుండుట వేఱు, తెరపై అక్షరము కనబడుట వేఱు. ఆండ్రాయిడ్ 2వ తరపు ఫోనులలో తెలుగు పుట తెఱచిన అక్షరములకు మాఱుగా ఖాళీ డబ్బాలు వరుసదీరి కనబడెడివి. దీనికి రెండు లోపములు కారణములు. తెలుగు ఫాంటు లేకపోవుట మొదటిది. గుణింతములను, వత్తులను తగుచోట కూర్చు యంత్రాంగము లేకపోవుట రెండవది.

నాటివారు కొందఱు ఒపెరా మినీ అను బ్రౌజరులో ఒక రహస్యపు సెట్టింగు మార్చి, సంక్లిష్టలిపులను బొమ్మలుగా తెప్పించుకొని చదివెడివారు. బొమ్మను చదువవచ్చును గాని దానినుండి ఒక మాట తీసికొనుట సాధ్యము కాదు. మఱికొందఱు సాహసించి ఫోనును రూటు చేసి, వ్యవస్థాభాగములోని ‘డ్రాయిడ్ శాన్స్ ఫాల్‌బ్యాక్’ అను ఫాంటును తొలగించి, తెలుగు అక్షరములు గల ఫాంటును ఆ పేరుతోనే అచ్చట నిలిపిరి. ఆ భాగము చదువుటకే గాని వ్రాయుటకు తెఱవబడనిది గాన రూటు లేక ఆ పని జరుగదు. ఇంత చేసినను మొదటి లోపము మాత్రమే తీరెడిది. ‘క్ష’ విడిపోయి, పొల్లుతో నిలిచిన ‘క’గాను, దాని ప్రక్కన ‘ష’గాను కనబడెడిది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1లో తెలుగు, కన్నడ, మలయాళములకు ఒక్కమాఱే ఆదరణ లభించినది. 2014 నాటి 5.0లో మెనూలు సైతము తెలుగులోనికి వచ్చినవి. ఒక జాతి తన లిపిని తన చేతివస్తువుపై చదువుకొనుటకు ఆ వస్తువు తాళమును తానే తీయవలసివచ్చిన కాలమది.

తాళము తీయరాని వస్తువు సంగతి 2018 ఫిబ్రవరిలో మఱల తెలియవచ్చినది. మన ‘జ్ఞా’ అను అక్షరము ఒకానొక సంకేతక్రమమున కూర్చబడి సందేశముగా వచ్చినచో ఐఫోనులోని ఆప్‌లు కుప్పకూలెడివి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదలచేసి దోషమును సవరించినది. త్వరగనే సవరించినది, నిజము. ఐనను అంతవఱకు వేచియుండుట తప్ప వాడుకరి చేయగలిగిన దేదియు లేకపోయినది. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమును మూర్ఛిల్లజేయుట లోకమునకు వినోదమైనది; మనకు అంత వినోదము కాదు.

రూటింగు చరిత్రలో ఇంతకన్న నవ్వు పుట్టించు ఘట్టము మొదటిదే. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోను జీ1లో ఒక దోషముండెను. కీలకములపై ఏ మాట కొట్టినను అది లోపల రూటధికారమునకు ఆజ్ఞగా కూడ చేరెడిది. ఎవరికో సందేశము వ్రాయుచు ‘రీబూట్’ అని కొట్టిన, ఫోను నిజముగనే ఆఱి మఱల వెలిగెడిది! ఆ రంధ్రము త్వరలో పూడ్చబడినను, దానిగుండ లోపలికి పోయినవారు బయటికి రాలేదు. 2009లో స్టీవ్ కొండిక్ సయనోజెన్‌మాడ్ అను కస్టమ్ ఫర్మ్‌వేర్‌ను వెలువరించెను. ఆ యేడే గూగుల్ సంస్థ, తన స్వంత ఆప్‌లను అందు చేర్చి పంచరాదని అభ్యంతరము తెలిపినది. నేటికిని కస్టమ్ ఫర్మ్‌వేర్ ఒకటియు, గూగుల్ ఆప్‌ల మూట వేఱొకటియుగా దించుకొనవలసివచ్చుటకు మూలమిదియే. సయనోజెన్‌మాడ్ 2016 డిసెంబరులో ఆగిపోగా, దాని పనివారే లీనియేజ్ ఓఎస్ అను పేర ఆ పనిని కొనసాగించిరి. మేజిస్క్ అను రూటింగు సాధనమును 2016లో జాన్ వూ అను యువకుడు వెలువరించెను. వ్యవస్థాభాగమును ముట్టక, ఫోను మేల్కొనునపుడు ముందు చదువబడు బూట్ దస్త్రమును మాత్రమే సవరించుట దాని విశేషము.

నేడు లిపికొఱకు రూటు చేయనక్కరలేదు. సురవరము, మండలి వంటి అందమైన తెలుగు ఫాంటులను ఫోను అంతటను నిలుపుకొనగోరు రసికులకు తప్ప ఆ యవసరము తీరిపోయినది. మిగిలిన యవసరము ముసలి ఫోనుది. రెడ్మీ నోట్ 4ను తలచుకొందము. 2017 జనవరిలో భారతదేశమున విడుదలయై విరివిగా అమ్ముడుపోయిన ఫోనిది. సంస్థ దానికి ఆండ్రాయిడ్ 7వఱకే ఇచ్చి చాలించుకొన్నది. యంత్రము బాగుగనే యుండును, బ్యాటరీ మార్చిన మఱికొన్నేండ్లు నడచును. లోపలి కార్యక్రమము మాత్రము ముదిసి, భద్రతాలోపములు సవరింపబడక పడియుండును. అట్టివానికి స్వచ్ఛందకారులు పిదపటి ఆండ్రాయిడ్ రూపములను కూర్చి యిచ్చిరి. పిల్లవానికి పాఠములు వినుటకు, ముసలివారికి పాటలు వినుటకు ఇట్టి ఫోను చాలును.

కాని బ్యాంకు సొమ్ము నడచు ఫోనును ఈ ప్రయోగమునకు పెట్టరాదని గట్టిగా చెప్పవలసియున్నది. ఇందుకు కారణము తెలియవలెనన్న తాళము పనిచేయు తీరు తెలియవలెను. ఫోను వెలిగించినపుడు మొట్టమొదట నడచునది బూట్‌లోడరు. అది కోటవాకిట కావలివాని వంటిది. పావగడ కొండకోట నెఱిగినవారికి ఉపమానము వెదకనక్కరలేదు. లోనికి రానున్న ఫర్మ్‌వేర్‌పై సంస్థముద్ర యున్నదా యని అది పరీక్షించును; ముద్ర లేనిదానిని రానీయదు. ఆ కావలిని తొలగించుటయే ‘బూట్‌లోడరు అన్‌లాక్’. తొలగించిన క్షణముననే ఫోనులోని సమస్త దత్తాంశమును తుడిచివేయబడును. ఇది శిక్ష కాదు, రక్షణ. అట్లు తుడువనిచో, ఫోను దొంగిలించినవాడు కావలిని తొలగించి మన చిత్రములను, లేఖలను తీరికగా చదువుకొనగలడు. అటుపిమ్మట ఫోను వెలిగించిన ప్రతిమాఱు, కావలి లేడని తెరపై ఒక హెచ్చరిక కనబడును.

ఆ సంగతి ఫోను తెరకు మాత్రమే తెలియుట కాదు. బ్యాంకు ఆప్ అడిగినపుడు, ఫోనులోని భద్రతాభాగము ‘ఈ కోటకు కావలి లేడు’ అని సాక్ష్యమిచ్చును. పెక్కు బ్యాంకు ఆప్‌లు, చెల్లింపు ఆప్‌లు అంతటితో పని నిలిపివేయును. ఈ సాక్ష్యమును కప్పిపుచ్చు ఉపాయములు లేకపోలేదు. అవి నేడు పనిచేసి రేపు మానును. ఎలుకా పిల్లీ ఆట ముగియునది కాదు. కౌలుసొమ్మో, పింఛనో జమయైనదని తెలిసికొనుటకు ఆ ఫోనే ఆధారమైన యింట ఇట్టి ఆట తగదు. సామ్‌సంగ్ ఫోనులలో మఱియొక కట్టుబాటు కలదు. అనధికార ఫర్మ్‌వేర్ ఎక్కించినచో నాక్స్ అను భద్రతాభాగములోని ఒక సూక్ష్మమైన ఫ్యూజు కాలిపోవును. అది మఱల అతుకదు. స్టాక్ ఫర్మ్‌వేర్‌ను తిరిగి ఎక్కించినను, రహస్యఫోల్డరు వంటి సౌకర్యములు ఆ ఫోనులో ఇక నడువవు.

ఇంతయు తెలిసి, ప్రక్కనబడియున్న పాతఫోనుపై పని నేర్వగోరువారికి క్రమము చెప్పుదును.

మొదట ఫోను అసలు పేరు కనుగొనవలెను. పెట్టెపై నున్నది వ్యాపారనామము. కర్మాగారపు సంకేతనామము వేఱు. రెడ్మీ నోట్ 4 అను ఒక్క పేరుతోనే ‘మీడో’, ‘నికెల్’ అని రెండు భిన్నమైన ఫోనులు పుట్టినవి. వాని ప్రాసెసరులే వేఱు. ఒకదాని ఫర్మ్‌వేర్ ఇంకొకదానికి ఎక్కించుట మేకమందు ఆవుకు పోయుట వంటిది. ప్రవేశకులు చెడగొట్టుకొను ఫోనులలో పెక్కు ఈ తొలిమెట్టుననే చెడును. సంకేతనామము తెలిసినపిదప, ఆ ఫర్మ్‌వేర్ కూర్చినవారి స్వంత స్థానమునుండియే దస్త్రమును దించుకొని, వారిచ్చిన షా-256 సంకేతముతో సరిచూచుకొనవలెను. 64 అక్షరముల ఆ సంకేతములో ఒక్కటి తేడాపడినను దస్త్రము చెడినదనియే యర్థము. అదే సమయమున సంస్థయొక్క స్టాక్ ఫర్మ్‌వేర్‌ను కూడ దించి దాచుకొనవలెను. తిరుగుదారి చూచుకొననిదే అడవి చొరరాదు.

పిమ్మట చిత్రములు, ఫోను నంబరులు, సందేశములు మఱియొకచోట భద్రపఱచుకొని, సెట్టింగులలో ‘బిల్డ్ నంబరు’పై ఏడుమార్లు తట్టినచో డెవలపరు ఐచ్ఛికములు తెఱచుకొనును. అందు ‘ఓఈఎం అన్‌లాకింగ్’, ‘యూఎస్‌బీ డీబగ్గింగ్’ అను రెంటిని నడపవలెను. మొదటిది కనబడని ఫోనులును గలవు. అచ్చట ఈ పని ముగిసినట్లే. షావోమీ ఫోనులలో సంస్థ అనుమతి పొంది, కొన్ని దినములు వేచియుండవలెను. తరువాత ఫోనును కేబులుతో కంప్యూటరునకు కలిపి, ఫాస్ట్‌బూట్ అను స్థితికి తెచ్చి, ‘ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్’ అను ఆజ్ఞ నీయవలెను. ఈ ఆజ్ఞ యొక్కొక్క సంస్థ ఫోనునకు కొంత మాఱుచుండును. సామ్‌సంగ్‌లో ఫాస్ట్‌బూట్ లేదు. దానికి డౌన్‌లోడ్ మోడ్, ఓడిన్ అను సాధనము వేఱు. కేబులు వదులుగా నుండరాదు. నడుమ కరెంటు పోయిన ఆగిపోవు కంప్యూటరుకన్న ల్యాప్‌టాపు మేలు. దేశమునకు విద్యుత్తు పంపు తాలూకాయైనను ఈ జాగ్రత్త తప్పదు.

కావలి తొలగినపిదప రెండు దారులు చీలును. రూటు మాత్రమే కావలెనన్న, స్టాక్ ఫర్మ్‌వేర్‌లోని బూట్ దస్త్రమును మేజిస్క్ ఆప్‌చే సవరింపజేసి, ఆ సవరించినదానిని ఫాస్ట్‌బూట్‌ద్వారా ఎక్కించిన చాలును. ఆ దస్త్రము ఫోనులో నడచుచున్న రూపమునకు చెందినదే కావలెను. కస్టమ్ ఫర్మ్‌వేర్ కావలెనన్న, ముందు దానికి తగిన రికవరీ అను చిన్న వ్యవస్థను ఎక్కించి, అందుండి పాత దత్తాంశమును తుడిచి, ‘ఏడీబీ సైడ్‌లోడ్’ అను పద్ధతిచే నూతన ఫర్మ్‌వేర్‌ను పంపవలెను. గూగుల్ ఆప్‌లు కావలసినవారు తొలిమాఱు ఫోను వెలిగించుటకు ముందే వానిని ఎక్కింపవలెను. మొదటి వెలుగునకు కొన్ని నిమిషములు పట్టును. అప్పుడు భయపడి బొత్తాము నొక్కి ఆర్పరాదు. కంప్యూటరే అక్కరలేదు, ఒక్క నొక్కుతో రూటు చేసెదమను ఆప్‌లను ముట్టకుండుటయే మేలు. అవి వ్యవస్థలోని ఏ రంధ్రముగుండ దూరునో, దూరినపిదప ఎవరికి తాళపుచెవి అప్పగించునో మనకు తెలియదు.

ఫోను నిలిచిపోయి గుఱుతు మాత్రమే చూపుచున్న, దానిని చచ్చినదనుకొనరాదు. ఫాస్ట్‌బూట్ స్థితికి వచ్చుచున్నంతవఱకు స్టాక్ ఫర్మ్‌వేర్‌ను తిరిగి ఎక్కించి బ్రతికింపవచ్చును. ఏ బొత్తాము నొక్కినను పలుకక పోయినదియే నిజముగా ‘బ్రిక్’, అనగా ఇటుక. పాతరూపమునకు తిరుగరాకుండ అడ్డుకట్ట గల కొన్ని షావోమీ ఫోనులలో, మునుపటి ఫర్మ్‌వేర్ ఎక్కించుటయే ఇట్టి గతికి చాలును.

రికవరీలో ఊరక కనబడు విభాగములన్నిటిని తుడువబూనరాదు. ఫోను గుర్తింపుసంఖ్య యగు 15 అంకెల ఐఎంఈఐకి సంబంధించిన దత్తాంశము వానిలో నొకదానియందుండును. అది పోయినచో సిమ్ వేసినను సంకేతము రాదు. ఆ సంఖ్యను బుద్ధిపూర్వకముగా మార్చుట నేరము. అంగళ్లలో ఎవరైన ‘మార్చియిచ్చెదము’ అన్న, దూరముగా తొలగిపోవలెను.

క్రొత్త ఫర్మ్‌వేర్ నిలిచినపిదప భాషల జాబితాలో మొదట తెలుగును, రెండవదిగా కన్నడమును చేర్చుకొనవచ్చును. 2016 నాటి ఆండ్రాయిడ్ 7.0 మొదలు ఇట్లు వరుసగా పెక్కుభాషలు పెట్టుకొను వీలున్నది. దీనికి రూటు అవసరము లేదు. తెలుగురూపము లేని ఆప్ కన్నడమున నున్నచో, ఆంగ్లమునకు పోక కన్నడముననే పలుకును. బడిలో కన్నడము చదివి ఇంట తెలుగు మాటాడు పావగడ పిల్లలకు ఇంతకన్న అమరిన యేర్పాటు లేదు.

ఒకవేళ ఆ ఫోనును అమ్మదలచినను, మఱల బ్యాంకుపనికి వాడదలచినను, ముందుగా స్టాక్ ఫర్మ్‌వేర్‌ను సంపూర్ణముగా ఎక్కించి, ఫోను సరిగా వెలుగుచున్నదని చూచుకొని, అటుపిమ్మటనే బూట్‌లోడరునకు తాళము వేయవలెను. కస్టమ్ ఫర్మ్‌వేర్ లోపల నుండగనే తాళము వేసినచో, కావలివాడు తిరిగివచ్చి, లోపలివానికి ముద్ర లేదని సాధారణముగా ఫోనును వెలుగనీయడు. వేసిన తాళమును తీయుటకు కావలసిన సెట్టింగు ఆ వెలుగని ఫోనులోనే యుండిపోవును.